ప్రతి మూడో గుమ్మం

నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక ఉన్న ఆ సందులో ఒక పాత కట్టుబాటు ఉంది. అక్కడ కిరాయికి ఉండేవాళ్ళెవరూ ఇంటి యజమాని చేతికి తాళంచెవి ఇవ్వరు. ఊరెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళకు ఇస్తారు, లేదంటే కొంగున ముడేసుకుని వెంట తీసుకుపోతారు. కప్పు కారుతోంది, మేస్త్రీని పంపిస్తాను, తాళంచెవి ఇచ్చి పొండి అని యజమాని ఎంత తియ్యగా అడిగినా ఇవ్వరు. తాతల నాటి కిరాయిలవి. కోర్టుకెక్కినా వాళ్ళను కదిలించడం కష్టం. కానీ కిరాయిదారు తన చేత్తో తానే తాళంచెవి అప్పగించాడా, ఇక నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆ ఇల్లు దక్కదు. ఈ సంగతి ఆ సందులో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు.

జిప్పోరాకు కూడా తెలుసు. అందుకే ఆ సోమవారం పొద్దున మెదక్ నుంచి వచ్చి, భుజాన సంచీ ఇంకా దించకముందే విమల నోట ఆ మాట విన్నప్పుడు, ఆమె దాన్ని దించడం మరిచి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“సాయంత్రం ఆబిడ్స్ పోయి ఇంటి సేటుకు తాళంచెవి ఇచ్చొస్తున్న బిడ్డా. నువ్వు జర ఏదన్న హాస్టల్ చూసుకో.”

విమల అరవై దాటిన మనిషి. భర్త గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తాగా చేసి పోయాడు. పిల్లలు లేరు. ఏడాది కిందట, తెలిసినవాళ్ళ మాట మీద, వంటింటి పక్క మూలను జిప్పోరాకు ఇచ్చింది. పట్టణ ప్రణాళిక, ప్రజా విధానం, స్వచ్ఛంద సంస్థల నిర్వహణ, మూడూ కలిపి చెప్పే రెండేళ్ళ పెద్ద చదువు జిప్పోరాది. ఆ పేరంతా చెప్పడానికి తనకు ఊపిరి చాలదని విమల దానికి ‘ఊర్లు బాగుచేసే చదువు’ అని పేరు పెట్టేసింది. మొదట్లో గిన్నెలు వేరు, పొయ్యి వేరు అని గీత గీసిన మనిషే, దసరా నాటికి పిల్ల సన్నబడుతోందని తన కంచంలోంచి ముద్దలు తీసి పెట్టడం మొదలుపెట్టింది.

“ఎందుకు పెద్దమ్మా? ఏమైంది?” అని అడిగింది జిప్పోరా.

“మన గుమ్మానికి గుర్తు పెట్టిన్రు. చూడలేదా?”

జిప్పోరా వెనక్కి తిరిగి చూసింది. ద్వారబంధం కుడిపక్క చెక్క మీద, భుజం ఎత్తున, గడపలకు పూసే ఎర్రమట్టి జాజుతో ఒక అడ్డగీత, ఒక నిలువుగీత, కింద తొమ్మిది అంకె. ఆ తొమ్మిది ఎవరు వేశారో ఆమెకు తెలియక కాదు. ఆ తోక వంకర తన చేతిదే.

జరిగింది ఇది. సందులో వానాకాలం మురుగునీటి మోరీ ఎందుకు పొంగుతోందో, ఏ ఇంట్లోకి ఎంత నీరు వస్తోందో అడిగి రాయడం ఆ ఏడు వాళ్ళ తరగతికి ఇచ్చిన పని. అన్ని ఇళ్ళూ అడగక్కర్లేదు, ప్రతి మూడో ఇల్లు చాలు అన్నారు శ్రీపతి సారు. నచ్చిన ఇల్లు కాదు, టీ ఇచ్చే ఇల్లు కాదు, వరసలో మూడోదిగా వచ్చిన ఇల్లే. అట్లా అడిగితేనే సందు మొత్తం సంగతి తెలుస్తుందని చెప్పారు. ఆ సందులో ఉండేది తనే కాబట్టి దారి చూపాల్సింది కూడా జిప్పోరాయే. అంతలో తల్లికి జ్వరమని మెదక్ నుంచి ఫోను. శనివారం తన తరగతిలోని సుశాంత్ వాళ్ళు తను లేకుండానే వస్తారు. ఆ సందులో తలుపులకు నంబర్లు లేవు. ఒక ఇంటికి రెండు తలుపులు, ఇంకో తలుపు ఎప్పుడో మూసేసింది. వాళ్ళు తప్పు ఇల్లు తట్టకుండా ఉండాలని, శుక్రవారం ఇంకా చీకటుండగానే బస్సుకు బయలుదేరుతూ, గడపలకు పూయగా మిగిలిన జాజును కిటికీలోంచి కొబ్బరిచిప్పతో సహా తీసుకుని, మూడో గుమ్మానికి, ఆరో గుమ్మానికి, తొమ్మిదో గుమ్మానికి, అట్లా సందు చివరిదాకా గుర్తు వేసుకుంటూ పోయింది. విమల అప్పుడు పాలకు పోయి ఉంది. జాజే కదా, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది అనుకుంది.

గీస్తూ నవ్వుకుంది కూడా. సండే స్కూల్లో బైబిలులోని పస్కా పండుగ కథ విని పెరిగిన పిల్ల. ద్వారబంధానికి ఎర్రగా పూసిన ఇంటిని సంహారకుడు ముట్టుకోకుండా దాటిపోతాడు. గుర్తున్న ఇల్లే బతికే ఇల్లు. ఆమె ఎరిగిన ఎర్ర గుర్తు అది ఒక్కటే. శనివారం వాన పడింది, సుశాంత్ వాళ్ళు రాలేదు, వచ్చేవారం చూద్దామని ఫోనులో సందేశం పెట్టారు. తల్లి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ ఆమె సరే అని జవాబిచ్చింది. గుర్తుల మాట ఆమెకు గుర్తే రాలేదు.

కానీ హైదరాబాదులో పాత ఇళ్ళవాళ్ళకు ఎర్ర గుర్తంటే ఒకటే. రోడ్డు వెడల్పు చేసే ముందు మనుషులొచ్చి గోడల మీద గీసిపోయే గుర్తు.

“నాకు పెండ్లైన కొత్తల అఫ్జల్‌గంజ్‌ల ఉంటిమి,” అంది విమల, గోడకు చేరగిలబడి. “గిట్లనే ఓనాడు లేచి చూసేసరికి గోడకు ఎర్రగీత. ఏం కాదు, ఏం కాదు అనుకుంటనే ఉన్నం. ముందటి అర్రలు రెండూ పాయె. మా తోటికోడలోళ్ళు గా దిక్కు, మేం గీ దిక్కు. పండుగకు కలుస్తమన్నది. మూట నెత్తిన పెట్టుకొని నవ్వుకుంట పోయింది. అంతే. మళ్ళ నేను ఆమె మొఖం చూడలే. సచ్చిపోయిందని సంగతొచ్చింది.”

గొంతు తగ్గించి, మిగతాది చెప్పింది. గుర్తు పెట్టినవాణ్ణి సందులో ఎవరూ చూడలేదట. చూసి ఉంటే కొట్లాడేవాళ్ళు, కాళ్ళు పట్టుకునేవాళ్ళు. చూడకపోవడమే అందరి గుండెల్లో రాయి వేసింది. అందరి ఇళ్ళకూ పెట్టినా ఇంత భయం ఉండేది కాదు. ఒకటి వదిలి, రెండోది వదిలి, మూడోదానికే ఎందుకు పెట్టారు? గుర్తు లేని ఇళ్ళవాళ్ళు రెండు రోజులుగా గుర్తున్న గడపల మీద కూర్చోవడం మానేశారు, అంటురోగం ఉన్నట్టు. ఆదివారం యజమాని శ్యామ్‌సుందర్ సేటు స్వయంగా వచ్చి, ఒక్కో గుర్తు ముందూ నిలబడి తల ఊపి, నాకూ ఏం తెలియదమ్మా, కానీ సర్కారు పని లెక్కనే ఉంది అన్నాడు. బుల్డోజరు వస్తే మీకూ లేదు, నాకూ లేదు; ఇప్పుడే తాళంచెవి ఇస్తే చేతిలో ఏదో పెడతానన్నాడు.

“నాకెందుకు ఫోన్ చెయ్యలే పెద్దమ్మా?”

“మీ అమ్మ పండుకొని ఉన్నది. గీ భయం గూడ నీకెందుకు బిడ్డా?”

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నోరు తెరిచేసరికి వచ్చిన మాట వేరు. ఎవరు పెట్టారో కాలేజీలో కనుక్కుని వస్తానంది. ఎవరి గోడ మీదా, ఎవరి తలుపు మీదా, వాళ్ళనడగకుండా చిన్న గీత కూడా గీయకూడదని మొదటి రోజే చెప్పి అందరి చేతా సంతకం పెట్టించుకున్నారు శ్రీపతి సారు. బయటపడితే స్కాలర్‌షిప్ పోతుంది. స్కాలర్‌షిప్ పోతే చదువు పోతుంది. సందులో మగవాళ్ళకు తెలిస్తే ఏం చేస్తారో. వీటన్నిటికంటే, ‘నేనే’ అన్న క్షణాన విమల ముఖం ఎట్లా మారుతుందో అన్నది ఆమెను ఎక్కువ భయపెట్టింది. సాయంత్రం దాకా టైముంది కదా, ముందు సారుకు చెప్పి, ఆయన్నే తీసుకొచ్చి చెప్పిస్తే సరిపోతుంది అని తనకు తాను నచ్చజెప్పుకుంది. భయస్తుల దగ్గర ఎప్పుడూ ఇట్లాంటి సరిపోయే దారి ఒకటి ఉంటుంది.

బయటికి వచ్చేసరికి ఆరో గుమ్మం ముందు బాలమల్లు కూర్చుని ఉన్నాడు. ముసలి దర్జీ, ఒంటిమనిషి. సందులో ఆడవాళ్ళందరి జాకెట్లూ ఆయన కుట్టినవే. కుట్టుమిషను తలకాయను బల్ల నుంచి విప్పి పాత దుప్పట్లో మూట కడుతున్నాడు.

“ఏం బిడ్డా, ఊర్లు బాగుచేసే చదువు చదువుతున్నవ్ గద. మా సందును ఎన్నడు కూలగొడ్తరో గా పుస్తకాలల్ల రాసి ఉంటదా?”

ఆమె నవ్వబోయింది. ఎక్కడికి తాతా అని మాత్రం అడిగింది. మధ్యాహ్నం సేటుకు తాళంచెవి ఇచ్చేసి, సాయంత్రం బండికి కాజీపేట దగ్గర చెల్లెలి ఊరికి పోతానన్నాడు. చెల్లెలు రమ్మందా అంటే, రావద్దని అయితే అనలేదు అన్నాడు. జిప్పోరా అక్కడ నిలబడలేకపోయింది. క్లాసుకు ఆలస్యమవుతోందని చెప్పి, సందు మలుపు దాకా దాదాపు పరిగెత్తింది.

వాళ్ళ డిపార్ట్‌మెంట్ గన్‌ఫౌండ్రీలో ఒక పాత మేడ మీద నడుస్తుంది. ఆ మధ్యాహ్నం గోడకు ఆమె సందు పటం అంటించి ఉంది. ఇళ్ళు చిన్న చిన్న చదరాలు, ప్రతి మూడో చదరం ఎర్రరంగు. శ్రీపతి సారుతో విడిగా మాట్లాడాలని ముందే వచ్చింది గానీ, ఆయన మీటింగు నుంచి నేరుగా తరగతిలోకే వచ్చారు. ఒక్కొక్కరి పని అడుగుతూ, పటం దగ్గర ఆగి, మెల్లగా ఒక ప్రశ్న వేశారు. మనం ఒక ఇంటికి పోయి, కావలసింది అడిగి, రాసుకుని వచ్చేస్తాం. మనం వచ్చేశాక ఆ ఇంట్లో ఏం మిగులుతుందని ఎవరైనా ఆలోచించారా అన్నారు. సుశాంత్ ఏదో చెప్పాడు. నమ్మకం అన్నారొకరు. సారు తల ఊపుతూ ఆ మాట బోర్డు మీద రాస్తున్నారు.

జిప్పోరా పటం మీది ఆరో చదరాన్ని చూస్తోంది. అది చదరంలా కనిపించడం లేదు. దుప్పట్లో మూట కడుతున్న రెండు చేతుల్లా కనిపిస్తోంది. ఈపాటికి ఆయన తాళంచెవి ఇచ్చేసి ఉంటాడు. నేను పక్కనుంచే నడిచి వచ్చాను అనుకుంది. బల్ల కింద విమలకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. విమల బయటికి పోయేటప్పుడు ఫోను ఎప్పుడూ ఇంట్లోనే వదిలేస్తుంది. ఆ సంగతి గుర్తురాగానే జిప్పోరా ఫోను సంచీలో వేసుకుంది. లేచింది. ఎక్కడికని సారు అడిగింది వినిపించింది గానీ ఆగకుండా మెట్లు దిగిపోయింది.

గన్‌ఫౌండ్రీ నుంచి ఆబిడ్స్‌కు ఎంతో దూరం లేదు. ఆ రోజు మాత్రం తరగలేదు. ఫుట్‌పాత్ మీద పుస్తకాలవాళ్ళను, బట్టలవాళ్ళను, ఆటోలను తప్పించుకుంటూ, ముందు పోతున్న ప్రతి తెల్లజుట్టు ముసలమ్మా విమలేనేమో అని తొంగి చూస్తూ పోయింది. శ్యామ్‌సుందర్ సేటుది సూట్‌కేసుల దుకాణం. కొట్టు ముందు పెద్దవీ చిన్నవీ పెట్టెలు గొలుసులకు వేలాడుతున్నాయి. వాటి మధ్యనుంచి చూస్తే లోపల, స్టూలు మీద, విమల. కొంగు ముడి విప్పుతోంది. సేటు తొందరేమీ చూపించకుండా చెయ్యి చాచి కూర్చున్నాడు. అతని వెనక మేకుకు ఒక తాళంచెవి వేలాడుతోంది. దానికి దర్జీ దారపు ముక్క కట్టి ఉంది.

“పెద్దమ్మా, ఇయ్యకు,” అంది జిప్పోరా. రొప్పుతూ, పెట్టెల మధ్యనుంచి దూరి వెళ్ళి విమల చేతిని ముడితో సహా పట్టుకుంది. “గా గుర్తు సర్కారోళ్ళు పెట్టలే. నేను పెట్టిన. మా క్లాసు పనికి.”

విమల ఆమె ముఖం వైపు చూసింది. కోపం రాలేదు. జాలి వచ్చింది. ఆ జాలి చూసి జిప్పోరాకు ఇంకా భయమేసింది.

“నాకు తెలుసు బిడ్డా, నేను ఏడుస్తుంటే నువ్వు చూడలేవు,” అంది విమల. “నీ మీద ఏసుకుంటున్నవ్. గట్ల అబద్ధాలు చెప్పొద్దు. నీకు పాపం.”

సేటు మెల్లగా నవ్వాడు. పిల్ల మంచిదమ్మా అన్నాడు. మంచి పిల్లలే ఇట్లా అంటారన్నాడు. విమల వేళ్ళు మళ్ళీ ముడి మీదికి పోయాయి. ఎంత చెప్పినా అంతే. ప్రతి మూడో ఇల్లు ఎందుకో, సుశాంత్ వాళ్ళు ఎందుకు రాలేదో చెబుతుంటే, అది పిల్ల తనను ఊరడించడానికి అల్లుతున్న కథలాగే వింటోంది ఆ ముసలిది. నిజం చెప్పినా నమ్మించలేని స్థితి ఒకటి ఉంటుందని జిప్పోరాకు అంతకు ముందు తెలియదు. తాళంచెవి ముడిలోంచి బయటికి వచ్చింది.

అప్పుడు ఫోను గుర్తొచ్చింది. గుర్తులు వేసిన పొద్దుననే, సుశాంత్‌కు పంపడానికి ప్రతి గుమ్మాన్నీ ఫోటో తీసి పెట్టుకుంది. ఆ ఫోటోలు వెతికి, తెర విమల కళ్ళ ముందు పెట్టింది. తొమ్మిదో గుమ్మం. తడి ఆరని జాజు కిందికి కారుతోంది. ఫోటో అంచున ఒక చెయ్యి, చేతిలో అంచు విరిగిన కొబ్బరిచిప్ప.

విమల ఫోనును దగ్గరికి తీసుకుంది. దూరంగా పెట్టింది. మళ్ళీ దగ్గరికి తీసుకుంది.

“గిది నా చిప్ప,” అంది.

“ఔ పెద్దమ్మా.”

“నువ్వేనా?”

“నేనే.”

కొట్టు బయట బస్సు హారన్ మోగుతోంది. విమల తాళంచెవిని పిడికిట్లో మూసుకుని, ఆ పిడికిలిని కడుపుకు ఆనించుకుని, స్టూలు మీద కొంచెం వెనక్కి జరిగింది. జరిగింది సేటు నుంచి కాదు. జిప్పోరా నుంచి. ఏడాదిపాటు ఒకే కప్పు కింద పడుకున్న పిల్లను, సందులో రాత్రికి రాత్రి గీతలు గీసిపోయే మనిషిని చూసినట్టు చూసింది. తిట్టినా బాగుండేది.

సేటు మాత్రం ముఖం మార్చుకోలేదు. ఇవాళ కాకపోతే రేపు, నిజంగా గుర్తులు పెట్టేవాళ్ళు ఏదో ఒకనాడు వస్తారమ్మా, తొందరేం లేదు అన్నాడు. జిప్పోరా మేకు వైపు చూపించి, బాలమల్లు తాత తాళంచెవి తిరిగి ఇచ్చేయండి, ఆయన భయపడి ఇచ్చాడు అని అడిగింది. అతను కళ్ళజోడు తుడుచుకుని నిదానంగా చెప్పాడు.

“భయపెట్టింది నేనా బేటీ? ఆయన చేత్తోని ఆయన ఇచ్చిండు. నేను తీసుకున్న. గంతే.”

జిప్పోరా మేకు వైపు చాచిన చెయ్యి దించేసింది.

“బాలమల్లు అన్న బండి ఎన్ని గంటలకు?” అని విమల లేచింది. అంతే అడిగింది. ఆటో ఎక్కాక మొజంజాహీ మార్కెట్ దగ్గర బండ్లు ఆగిపోతే, ఇద్దరూ దిగి నడిచారు. విమల ముందు, జిప్పోరా నాలుగు అడుగులు వెనక. మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగలేని మనిషి ఆ రోజు ఎట్లా అంత వేగంగా నడిచిందో. దారిలో ఒక్కసారి మాత్రం, వెనక్కి తిరగకుండానే, పెద్దగా కూడా కాదు, తనలో తాను అనుకున్నట్టు అంది: “మా తోటికోడలు పోయిననాడు గూడ నేను గిట్లనే ఎనకబడ్డ.”

నాంపల్లి స్టేషన్లో కాజీపేట బండి నిలబడి ఉంది. బాలమల్లు ఇంకా ఎక్కలేదు. రైలు పెట్టె తలుపుకు ఎదురుగా బెంచీ మీద, మిషను మూటను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, జనం ఎక్కడం అయిపోవాలని కాచుకుని ఉన్నాడు. జిప్పోరా ఆయన ముందు కూర్చుని చెప్పింది. ఈసారి ఏదీ దాచలేదు. ఆయన చివరిదాకా విన్నాడు. నమ్మాడు కూడా. నమ్మాకే అడిగాడు.

“పొద్దుగాల నా ముందలకెళ్ళే పోయినవు గద బిడ్డా?”

“ఔ తాతా.”

“అప్పుడు చెప్తే అయిపోతుండె.”

“భయమైంది.”

“నాకు గూడ గదే అయింది,” అన్నాడాయన, ఎత్తిపొడుపు లేకుండా. మూట సర్దుకుంటూ లేచాడు. ఇల్లు ఇక సేటుది, వెనక్కి ఎక్కడికి వస్తాను, పోనీయండి అన్నాడు.

విమల ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. ఒంటి ఆడమనిషి, ఇన్నేళ్ళు సందు నాలుకల మీద పడకుండా బతికిన మనిషి. ఏం చెప్పాలనుకుంటోందో, ఎందుకు చెప్పలేకపోతోందో జిప్పోరాకు అర్థమైంది. బండి కూత వేసింది. ఆ కూతకు విమల ఉలిక్కిపడి ఆయన మూట అంచు పట్టుకుంది.

“అన్నా, ఎక్కకు. వంటింటి పక్క మూల ఉన్నది. మిషన్ గాడ పడ్తది.”

“గది పిల్లది గద చెల్లె?”

“పిల్ల హాస్టల్‌కు పోతది.” ఆ మాట అనేటప్పుడు విమల జిప్పోరా వైపు చూడలేదు.

“లోకం ఏమంటది?”

“అననియ్యి. బండెక్కినోళ్ళు మళ్ళ రారు. నాకు ఎరుకే.”

బండి కదిలింది. బాలమల్లు ఎక్కలేదు. ముగ్గురూ నిలబడి పెట్టెలు ఒక్కొక్కటీ దాటిపోవడం చూశారు. చివరి పెట్టె పోయి, పట్టాలు ఖాళీ అయ్యాక గాని విమల మూట వదల్లేదు.

తర్వాత ఆమె జిప్పోరాకు పని చెప్పింది. రేపు పొద్దున మీ సారును సందుకు తీసుకురావాలి. ఆయన నోటితో సేటుకు చెప్పాలి. అన్న తాళంచెవి వస్తుందో రాదో, రాకపోతే ఏ కోర్టుకు పోవాలో, ఎవరి కాళ్ళు పట్టుకోవాలో, అది తేలేదాకా నువ్వు హాస్టల్ నుంచైనా సరే రోజూ రావాలి అంది.

“మీ కాలేజీల గుర్తులు పెట్టుడే చెప్పిన్రా, గిట్ల అయినంక ఏం చెయ్యాల్నో గూడ చెప్పిన్రా?”

“చెప్పలే పెద్దమ్మా.”

“అయితే నేర్సుకో.”

మిషను తలకాయ ఉట్టి ఇనుము. జిప్పోరా దాన్ని చంకలో పెట్టుకుని, ఆ బరువుకు ఒక పక్కకు ఒరిగి వాళ్ళ వెనక నడిచింది. విమల మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది, కానీ చూస్తున్నది బాలమల్లు వస్తున్నాడా లేదా అని. రేపు సారు ముఖం, స్కాలర్‌షిప్, తల్లికి ఏమని చెప్పాలి, అన్నీ ఒకదాని వెనక ఒకటి జిప్పోరాకు గుర్తొస్తున్నాయి. సందు మొదట్లో విమల ఆగి, మూట అన్న చేతికి ఇమ్మంది. నువ్వు ఇక్కడినుంచే నిజం చెప్పుకుంటూ రా, ఒక్క ఇల్లు కూడా వదలొద్దు అని చెప్పి, ఆయన్ను తీసుకుని లోపలికి పోయింది.

మూడో గుమ్మం ముందు జిప్పోరా ఒంటరిగా నిలబడింది. లోపల ఏదో బరువైనది నేల మీద ఈడుస్తున్న చప్పుడు. సామాను సర్దుతున్నట్టున్నారు. ఆమె తలుపు తట్టింది. చప్పుడు ఆగిపోయింది. పిల్ల ఏడుపేదో మధ్యలోనే ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది.

“ఎవరు?” అని లోపలినుంచి ఒక ఆడమనిషి గొంతు, వణుకుతూ.

“నేను, జిప్పోరాను. మీకో మాట చెప్పాలె అక్కా. తలుపు తియ్యి,” అంది. తన గొంతు కూడా అట్లాగే వణుకుతోందని ఆమెకు వినిపించింది. తలుపు వెంటనే తెరుచుకోలేదు.